కొరొక్కేలో పిల్లల వాటా

జపాన్‌లో కాపురం ఉంటూ కొరొక్కేను, అంటే మెదిపిన బంగాళాదుంప ముద్దకు రొట్టె పొడి పూత వేసి నూనెలో వేయించే ఇక్కడి బిళ్లను, ఇంట్లో చేసుకోవడం లెక్క ప్రకారం చూస్తే తెలివైన పని కాదు. వాణిజ్య వీధిలోని మాంసం దుకాణంలో, సూపర్‌మార్కెట్‌లో సిద్ధపు వంటకాల విభాగంలో, కన్వీనియెన్స్ స్టోర్ కౌంటరు మీద కూడా అది వేయించి సిద్ధంగా ఉంటుంది. ధర సాధారణంగా 100 యెన్లకు కాస్త అటూ ఇటూ. అదే ఇంట్లో చేయాలంటే బంగాళాదుంపలు ఉడికించాలి, తడి ఆర్చాలి, మెదపాలి, ఉల్లిపాయలు మగ్గించాలి, ముద్దను చల్లార్చాలి, బిళ్లలు చేయాలి, ఒక్కో బిళ్లను మైదాలో, గుడ్డులో, రొట్టె పొడిలో వరసగా దొర్లించాలి, ఆ తరువాత గానీ పొయ్యి మీద నూనె పెట్టలేం. ఇంత చేసినా మాంసం దుకాణంవారు పంది కొవ్వులో వేయించి ఇచ్చే కొరొక్కే కరకరను మన బాణలి అందుకోలేదు. ఆ దుకాణాలకు కొవ్వూ, తరుగూ వ్యాపారంలోనే మిగులుతాయి. నూనె రోజంతా వేడిగా ఉంటుంది. చెయ్యి తిరిగిన పనివాళ్లు ఉంటారు. రుచిలో పోటీ పడడానికే అయితే ఇంట్లో చేయడం వృథా శ్రమ.

అయినా ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలు ఉన్నంతకాలం కొరొక్కేను ఇంట్లోనే చేయాలన్నది నా వాదన. అందుకు నేను చూపే కారణం ఆరోగ్యం పేరుతో సాధారణంగా చెప్పే కారణం కాదు. కొరొక్కే ఒకే ముద్దగా మొదలై, చివరి అరగంటలో మాత్రమే ఎవరి వాటా వారిదిగా విడిపోయే వంటకం. ఆ విడిపోయే ఘట్టం మన చేతుల్లో ఉంటే పళ్లు సగమే వచ్చిన చంటివాడికి, బడికి వెళ్లే పెద్దపిల్లకు, మిరియాలు లేనిదే ముద్ద దిగని పెద్దవాళ్లకు ఒకే పూట, ఒకే వంట, ఒకే బల్ల మీద పెట్టగలం. కొన్న కొరొక్కేలో ఆ ఘట్టం మనకు తెలియకుండానే దాటిపోయి ఉంటుంది. దానిలోంచి ఉప్పు వెనక్కి తీయలేం, మిరియాలు ఏరలేం, ముతక రొట్టె పొడిని మెత్తబరచలేం.

ఉప్పు సంగతి ముందు తేల్చుకోవాలి. జపాన్ ప్రభుత్వం 2020లో అమలులోకి తెచ్చి, 2025లో కొత్తవి వచ్చేదాకా పాటించిన ఆహార ప్రమాణాల ప్రకారం ఒకటి, రెండేళ్ల పిల్లలు రోజుకు తీసుకునే ఉప్పు 3 గ్రాముల లోపు ఉండాలన్నది లక్ష్యం. మూడు నుంచి ఐదేళ్ల వారికి 3.5 గ్రాముల లోపు. పెద్దవాళ్లలో మగవారికి ఆ లక్ష్యం 7.5 గ్రాములు, ఆడవారికి 6.5 గ్రాములు. అంటే పసివాడి హద్దు తండ్రి హద్దులో సగం కూడా లేదు. కొరొక్కే మీద అలవాటుగా పోసుకునే చునో అనే చిక్కటి తీపి పులుపు సాస్ ఒక పెద్ద చెంచాడులో దాదాపు 1 గ్రాము ఉప్పు ఉంటుంది. ఆ సాస్ ఒక్కటే చంటివాడి రోజు మొత్తం హద్దులో మూడో వంతును తినేస్తుంది. ముద్దలో కలిపిన ఉప్పు, ఆ పూట తాగే మిసో సూప్‌లోని (మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద) ఉప్పు ఇంకా లెక్కలోకే రాలేదు. ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక పూట ఎక్కువైతే ప్రళయం రాదు. కానీ రుచికి పునాది పడే వయసులో ఏ ఘాటుకు నాలుకను అలవాటు చేస్తున్నామో పెద్దవాళ్లకు తెలిసి ఉండాలి, అంతే.

పెద్దవాళ్ల కోసం వండుతున్న దానిలోంచే, ఉప్పూ కారమూ పడకముందు, పసివాడి వాటాను తీసి పక్కన పెట్టడాన్ని ఇక్కడి తల్లులు తొరివకె అంటారు. జపాన్‌లో పిల్లల ఆహారం మీద వచ్చే పుస్తకాల్లో, పురపాలక కార్యాలయాలు పంచే కరపత్రాల్లో ఈ మాట తరచుగా కనబడుతుంది. మిసో సూప్ చేసేటప్పుడు మిసో కలపకముందు ముక్కలు తీయడం, కూర వండేటప్పుడు మసాలా పడకముందు కొంత తీయడం అందరూ చేసేదే. కానీ చాలా వంటకాల్లో తీసిపెట్టిన వాటా చప్పిడి ముక్కలుగా మిగిలిపోతుంది. పెద్దవాళ్ల కంచంలో ఉన్నదానికీ పిల్లవాడి గిన్నెలో ఉన్నదానికీ పోలికే ఉండదు. పిల్లవాడు ఆ తేడాను మనకన్నా ముందు పసిగడతాడు, తన గిన్నె వదిలేసి తండ్రి కంచం వైపు చెయ్యి చాపుతాడు. కొరొక్కేలో ఆ చిక్కు లేదు. ఉప్పు లేని ముద్దకైనా, మిరియాలు దట్టించిన ముద్దకైనా పైపొర ఒక్కటే, రంగు ఒక్కటే. ఇంటిల్లిపాదీ ఒకే తిండి తింటున్నారని పిల్లవాడికి అనిపిస్తుంది. నిజానికి అది అనిపించడం మాత్రమే కాదు, వాస్తవం కూడా.

ఏ వయసులో ఏ రూపంలో పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. జపాన్ ఆరోగ్య, కార్మిక, సంక్షేమ మంత్రిత్వ శాఖ 2019లో సవరించిన మార్గదర్శిని ప్రకారం ఘనాహారం 5, 6 నెలల మధ్య మొదలై, 12 నుంచి 18 నెలల మధ్య పోషణలో ఎక్కువ భాగం ఘనాహారం నుంచే అందే దశకు చేరుతుంది. 7, 8 నెలలకు నాలుకతో నలిపేంత మెత్తదనం, 9 నుంచి 11 నెలలకు చిగుళ్లతో నలిపేంత మెత్తదనం, ఏడాది దాటాక చిగుళ్లతో కొరికి నమలగలిగేంత గట్టిదనం అని అందులో మెట్లు కట్టారు. కొరొక్కే లోపలి ముద్ద మొదటి నుంచే ఈ మెట్లకు సరిపోయే పదార్థం. తొమ్మిది నెలల వాడికి ఆ ముద్దనే కాస్త నీళ్లతోనో అతడు తాగే పాలతోనో పలచబరిచి చెంచాతో పెట్టవచ్చు. ఏడాది దాటినవాడికి చిన్న పలక చేసి, సన్నటి రొట్టె పొడి అద్ది, ఒక చెంచా నూనెతో పెనం మీద కాల్చి చేతికి ఇవ్వవచ్చు. నిండు నూనెలో వేయించినది మాత్రం ఏడాదిన్నర దాటి, దవడ పళ్లు మొదలయ్యేదాకా నేను పెట్టను. అది నియమమేమీ కాదు, నా జాగ్రత్త.

ఇక దుంప. కొరొక్కే బాగోగులు సగానికి పైగా దుంపలోనే తేలిపోతాయి. జపాన్‌లో పండే బంగాళాదుంపల్లో సుమారు 80 శాతం ఉత్తరాన ఉన్న హొక్కయిదో దీవివే. దుకాణంలో ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి. గుండ్రంగా, కళ్లు లోతుగా ఉండేది దన్‌షకు. కోలగా, నున్నగా ఉండేది మే క్వీన్. కవదా ర్యోకిచి అనే బారన్, జపాన్ మాటలో దన్‌షకు, 1908లో విదేశం నుంచి విత్తన దుంపలు తెప్పించి హొక్కయిదోలోని హకొదాతె దగ్గర సాగు చేయించాడు. ఆయన బిరుదే ఆ రకానికి దన్‌షకు అనే పేరుగా నిలిచిపోయింది. ఉడికితే పిండిలా విడిపోయే గుణం దానిది. అందువల్ల కొరొక్కేకు అదే తగినది. మే క్వీన్ ఉడికినా ముక్క చెదరదు, కూరలకు బాగుంటుంది, కానీ మెదిపితే జిగురు తేలుతుంది. పసుపు రంగు తిరిగిన కితఆకరి అనే మూడో రకం దొరికితే పిల్లల కోసం నేను దానికే ఓటు వేస్తాను. సహజంగా తీపి ఎక్కువ కాబట్టి ఉప్పు లేని లోటు నాలుకకు అంతగా తెలియదు. వసంతకాలంలో దక్షిణాన ఉన్న క్యూషూ దీవి నుంచి వచ్చే పలుచటి తొక్క కొత్త దుంపలు చూడముచ్చటగా ఉంటాయి గానీ నీరెక్కువ. వాటిని తొక్కతో ఉడికించి తినడమే మర్యాద, కొరొక్కేకు పనికిరావు.

ఇక్కడ చిన్న హెచ్చరిక చెప్పి తీరాలి. మొలక వచ్చిన కన్ను, ఆకుపచ్చ తిరిగిన తొక్క ఉన్న దుంపల్లో సోలనిన్, చాకొనిన్ అనే విషపదార్థాలు చేరతాయి. ఉడికించినంత మాత్రాన అవి పోవు. బడి తోటలో పిల్లలు పండించుకున్న చిన్న, సరిగా ఎదగని దుంపలను ఉడికించి తిని వాంతుల పాలైన ఘటనలు జపాన్‌లో పలుమార్లు నమోదయ్యాయి. శరీరం చిన్నదైనకొద్దీ విషం తక్కువైనా ఎక్కువే. అందుచేత పిల్లలకు వండేటప్పుడు మొలకను చుట్టూ లోతుగా తవ్వడం, తొక్కను మందంగా చెక్కడం, రంగు బాగా తిరిగిన దుంపను మొత్తంగా పారేయడం పొదుపు తెలియకపోవడం కిందికి రాదు.

దుంపలు ఉడికాక నీళ్లు వంపేసి, అదే గిన్నెను మళ్లీ సన్నటి మంట మీద పెట్టి, ముక్కల అంచులు తెల్లటి పిండిలా రాలే వరకు కుదపాలి. నా దృష్టిలో మొత్తం వంటలో ఇంతకన్నా ముఖ్యమైన రెండు నిమిషాలు లేవు. దుంపలో మిగిలిన నీరే తరువాత నూనెలో ఆవిరై కొరొక్కేను పగలగొడుతుంది. ముద్ద జారుగా ఉందని మైదా కలపవలసి రావడానికి కారణమూ అదే. తడి ఆరిన వెంటనే, వేడి చల్లారకముందే మెదపాలి. వేడిగా ఉన్నప్పుడు దుంప కణాల మధ్య బంధం సడలి ఉంటుంది, అవి పగలకుండా విడిపోతాయి. చల్లారాక బలవంతంగా మెదిపితే కణాలే పగిలి లోపలి పిండి బయటపడి ముద్ద బంకలా సాగుతుంది. మిక్సీలో తిప్పడం ఇంకా చెడ్డ పని. పెద్దవాళ్ల వాటాలో అక్కడక్కడ దుంప పలుకులు తగలడం బాగుంటుంది. పిల్లవాడి వాటాను మాత్రం నున్నగా మెదపాలి. కాబట్టి విడదీయడం నిజానికి ఇక్కడే మొదలవుతుంది.

కూరగాయల విషయంలో చాలామందితో నాకు పేచీ ఉంది. పిల్లల వంటల గురించి రాసేవారు ఎన్ని కూరగాయలు దూర్చితే అంత మంచిదన్నట్లు రాస్తారు. పాలకూర, క్యాబేజీ, బ్రోకలీ, పుట్టగొడుగులు, క్యారెట్, గుమ్మడికాయ అన్నీ ఒకే ముద్దలోకి తోస్తారు. అది పోషణ మీద శ్రద్ధే కావచ్చు, కానీ వంట మీద అశ్రద్ధ. క్యాబేజీ, పుట్టగొడుగుల వంటివి ఉడికాక కూడా నీరు విడుస్తూనే ఉంటాయి. అవి ఎక్కువైన ముద్ద బిళ్లగా నిలవదు, నిలిపినా నూనెలో విచ్చుకుంటుంది. నా కొలత ఇది: తొక్క తీసిన దుంపలు 500 గ్రాములైతే, మగ్గించి నీరు ఇంకించిన కూరగాయలు అన్నీ కలిపి అందులో మూడో వంతు దాటకూడదు. అందులోనూ ఒక పూటకు రెండు మూడు రకాలు చాలు.

ఉల్లిపాయ తప్పనిసరి. దానిని సన్నగా తరిగి, కొద్దిపాటి నూనెలో రంగు మారకుండా, పచ్చివాసన పూర్తిగా పోయి తీపి దిగేంతవరకు ఓపికగా మగ్గించాలి. ఉప్పు లేని ముద్దకు రుచినిచ్చేది ఆ తీపే. క్యారెట్‌ను చిన్న పలుకులుగా తరిగి దుంపలతో పాటే ఉడికిస్తే మళ్లీ నూనె అక్కర్లేదు. మొక్కజొన్న గింజల పైపొర చిన్నపిల్లలకు నమలడం కష్టం కాబట్టి వారి వాటాలోకి వాటిని చితక్కొట్టి వేయాలి. పచ్చి సోయా గింజలు, ఇక్కడి ఎదమామె, ఉడికించి లోపలి పలుచటి పొర కూడా ఒలిచి నలిపితే రంగుకు రంగు, బలానికి బలం. గింజను గింజగా మాత్రం పసివాడి వాటాలో వదలను. గట్టి గింజలూ పప్పులూ ఐదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకు తినిపించవద్దని జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ 2021లో గట్టిగా హెచ్చరించింది. ఉడికిన ఎదమామె అంత గట్టిది కాకపోయినా గొంతులో జారే ఆకారం అదే కదా. ఆకుకూరల్లో కొమత్సునా నాకు నచ్చుతుంది; ఉడికించి, పిడికిట్లో బిగించి పిండి, పొడిగా ఉన్నదనిపించాక మరోసారి పిండి కలపాలి. కబోచా గుమ్మడి సంగతి వేరు. అది దుంపకు తోడు కాదు, దుంప స్థానంలోనే నిలబడగలదు. కానీ తడి గల కాయ తగిలితే ఆవిరి మీద ఉడికించి, విప్పార్చి ఆరబెట్టవలసిందే.

పేచీలో రెండో భాగం దాచిపెట్టడం గురించి. కూరగాయలు తినని పిల్లవాడికి తెలియకుండా తురిమి, రుబ్బి, పైపొర కింద దాచి తినిపించమని సలహా ఇస్తారు. దానికి కొరొక్కే అనువైన ఆయుధమని కూడా అంటారు. నాకు ఇది రెండు విధాలా పొరపాటుగా తోస్తుంది. క్యారెట్‌ను చూడకుండా తిన్న పిల్లవాడు క్యారెట్ తినడం నేర్చుకోడు, కొరొక్కే తినడం మాత్రమే నేర్చుకుంటాడు. కొత్త రుచిని పిల్లలు ఒకటి రెండుసార్లు తోసిపుచ్చడం సహజం. బలవంతం లేకుండా పదేపదే కళ్లముందు పెడుతూ ఉంటే చాలామంది మెల్లగా దగ్గరకు వస్తారన్నది పిల్లల ఆహారాన్ని అధ్యయనం చేసినవారు స్థిరంగా చెబుతున్న మాట. దాచిపెడితే ఆ చూపు పరిచయమే జరగదు. పైగా ఏదో ఒకనాడు విరిచి చూసి ఆకుపచ్చ మరకను కనిపెట్టిన పిల్లవాడు అంతవరకు ఇష్టంగా తిన్న కొరొక్కేను కూడా అనుమానంగా చూస్తాడు. మా ఇంట్లో బిళ్లను విరిచి, ఇదిగో క్యారెట్, ఇదిగో మొక్కజొన్న అని చూపించే పెడతాం. పిల్లవాడు ఏరి పక్కన పెట్టిన రోజులు లేకపోలేదు. పెట్టనిద్దాం. మిగిలిన ముద్దలో ఉల్లిపాయ తిన్నాడు కదా.

ముద్ద కలిపాక ఉప్పు వేయకముందే పిల్లవాడి వాటా తీయాలి. తరువాత పెద్దపిల్ల కోసం చిటికెడు ఉప్పు కలిపి ఆమె వాటా తీయాలి. మిగిలిన దానిలో పెద్దవాళ్లకు ఉప్పు, మిరియాలు, ఇష్టమైతే కొద్దిగా జాజికాయ లేదా కూర మసాలా పొడి. కూర మసాలా వేసిన కొరొక్కే జపాన్ ఇళ్లలోనూ దుకాణాల్లోనూ మామూలే కాబట్టి అది మన పెత్తనమేమీ కాదు. పాలు, మీగడ కలపమని కొన్ని విధానాల్లో ఉంటుంది; నేను కలపను. పొడిగా ఉన్న దన్‌షకుకు ఒక చెంచా వెన్న చాలు, ద్రవం ఏదైనా తరువాత పగుళ్లకు దారి తీస్తుంది.

వాటాలు కలిసిపోకుండా ఆకారాలే గుర్తులు. పెద్దవాళ్లవి పాతకాలపు బంగారు నాణెం కోబన్ ఆకారంలో, అంటే కోలగా, బల్లపరుపుగా ఉంటాయి. పెద్దపిల్లవి బియ్యపు మూట ఆకారంలో చిన్న స్తంభాలుగా చేస్తాను. పసివాడివి వాడి పిడికిట్లో పట్టుకున్నప్పుడు ఒక కొస బయటికి వచ్చేంత పొడవున్న సన్నటి కడ్డీలు. నేను పైన చెప్పిన మార్గదర్శిని చేత్తో పట్టుకుని తినడాన్ని కన్ను, చెయ్యి, నోరు కలిసి పనిచేయడం నేర్చుకునే దశగా ఎంచి ప్రోత్సహిస్తుంది. చెంచాతో అంతా తినిపించే ఇళ్లలో పెరిగిన మనకు ఆ గందరగోళం చూస్తే చెయ్యి ఆగదు, తుడిచేయాలనిపిస్తుంది. కొరొక్కే ఇక్కడ ఒక మేలు చేస్తుంది: లోపల చిగుళ్లకు లొంగేంత మెత్తన, బయట వేళ్లకు అంటుకోనంత పొడి. అన్నం ముద్ద అలా ఉండదు, ఉడికించిన దుంప ముక్క కూడా అలా ఉండదు. గుండ్రటి ఉండలు మాత్రం చేయను. మొత్తంగా నోట్లో వేసుకోవాలనిపించే ఆకారం ఈ వయసుకు మంచిది కాదు.

బిళ్లలను అరగంట సేపు ఫ్రిజ్‌లో ఉంచి గట్టిపడనివ్వాలి. పూతకు మైదా, గుడ్డు, రొట్టె పొడి విడివిడిగా మూడు పళ్లేలు పెట్టడం సంప్రదాయం. గుడ్డు, మైదా, కొంచెం నీళ్లు కలిపి ఒకే జారుగా చేసుకుంటే ఒక పళ్లెం తగ్గుతుంది, పూత కూడా ఎక్కడా ఖాళీ లేకుండా పట్టుకుంటుంది. చంటివాడు కాళ్లకు చుట్టుకున్న వేళ వంట చేసేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. పాంకో అనే జపాన్ రొట్టె పొడి ముతకగా, పెచ్చులుగా ఉంటుంది. పెద్దవాళ్లకు ఆ కరకరే ప్రాణం. పసివాడి అంగిలికి మాత్రం ఆ పెచ్చులు గుచ్చుకుంటాయి. వాడి వాటాకు సరిపడా పొడిని సంచిలో వేసి అప్పడాల కర్రతో నలిపితే సరిపోతుంది.

ఎలర్జీ ఉన్న ఇళ్లలో ఈ పూతే పెద్ద అడ్డంకి. జపాన్‌లో పొట్లాల ఆహారం మీద తప్పనిసరిగా ప్రకటించవలసిన ఎలర్జీ పదార్థాలు గుడ్డు, పాలు, గోధుమ, బక్‌వీట్, వేరుసెనగ, రొయ్య, పీత, వీటికి 2023లో అక్రోటు చేరడంతో అప్పటికి 8 అయ్యాయి. మామూలు కొరొక్కే పూతలోనే అందులో రెండు ఖాయం. పాంకో తయారీలో పాలు కూడా పడి ఉండవచ్చు కాబట్టి పొట్లం వెనక చదవాలి. గుడ్డు పడని పిల్లలకు మైదాను నీళ్లతో జారుగా కలిపి వాడితే పూత ఏమాత్రం తగ్గదు. నిజం చెప్పాలంటే తేడా కనిపెట్టేవారు తక్కువ. గోధుమ పడకపోతే బియ్యపు పిండి జారు, బియ్యపు పిండితో చేసిన పాంకో. ఇంట్లో ఒకరికి ఎలర్జీ ఉంటే ఆ పూట అందరికీ అదే పూత వేయడం మేలు. ఒకే బాణలి, ఒకే గరిటె వాడుతూ రెండు పూతలు వేయడం ప్రమాదం కొనితెచ్చుకోవడమే.

మా అత్తయ్యగారు ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడు ఈ వంటను చూసి, "ఇంత చంటివాడికి నూనెలో వేయించినవి పెడతావా, అమ్మాయ్?" అని అడిగారు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. జవాబు కూడా ఒక్క మాటలో లేదు. ఏడాది దాటిన పిల్లలకు కొవ్వు నుంచి అందవలసిన శక్తి మొత్తంలో 20 నుంచి 30 శాతమని జపాన్ ప్రమాణాలు చెబుతున్నాయి, పెద్దవాళ్లకూ అదే. కాబట్టి కొవ్వు శత్రువు కాదు. తరచుదనం, పరిమాణం, నూనె నాణ్యత అసలు సంగతులు. "వారానికొకసారి కూడా చేయను, అత్తయ్యా, చేసిన రోజు వాడికి రెండు చిన్న కడ్డీలే" అని చెప్పాను. ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ మనవడికి విరిచి పెట్టింది మాత్రం ఆవిడే.

వేయించడం గురించి భయం ఎక్కువ, పని తక్కువ. లోపలిదంతా ముందే ఉడికి ఉంది. పైపొర రంగు తిరిగితే చాలు. నూనె 175, 180 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి; చిటికెడు పాంకో వేస్తే వెంటనే పైకి తేలి చెదరాలి. ఒకేసారి మూడు నాలుగు కన్నా ఎక్కువ వేస్తే నూనె చల్లబడుతుంది, పూత గట్టిపడేలోగా నూనె తాగుతుంది, లోపలి ఆవిరి బలహీనమైన చోటు చూసుకుని బయటికి చీల్చుకువస్తుంది. వేసిన మొదటి నిమిషం గరిటె పెట్టి కదపకూడదు. కొరొక్కే పగలడానికి కారణాలు వెతికితే తడి ముద్ద, పూతలో ఖాళీ, చల్లటి నూనె, తొందరపాటు గరిటె, ఈ నాలుగింటిలో ఒకటి తప్పక దొరుకుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో బాణలి నిండా నూనె పోయడానికి నేనూ జంకుతాను. ఒక సెంటీమీటరు లోతు నూనెలో రెండు వైపులా తిప్పి వేయించే పద్ధతి ఇక్కడ చాలా ఇళ్లలో ఉంది, పిల్లల కడ్డీలకు అది పూర్తిగా సరిపోతుంది.

అసలు వేయించకుండా చేసే స్కొప్పు కొరొక్కే అనే పద్ధతీ ఇక్కడి ఇళ్లలో వ్యాపించింది. ముద్దను లోతు తక్కువ పళ్లెంలో పరిచి, నూనెతో పెనం మీద దోరగా వేపిన పాంకోను పైన చల్లి, ఓవెన్‌లో కాసేపు ఉంచి, గరిటెతో తవ్వుకుని తింటారు. బిళ్లలు చేయనక్కర్లేదు, పూత వేయనక్కర్లేదు, గుడ్డూ అక్కర్లేదు. పళ్లేన్ని మూడు భాగాలుగా చూసుకుంటే ఉప్పు వాటాలు కూడా కుదురుతాయి. అలసిన సాయంత్రాలకు నేను దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. కానీ చేత్తో పట్టుకుని కొరికే అవకాశం పిల్లవాడికి అందులో పోతుంది, నేను ఇంతసేపు చెప్పిన మేలులో సగం దానితోనే పోతుంది. కాబట్టి అది కొరొక్కేకు బదులు కాదు, మరో వంటకం.

వడ్డన దగ్గర మూడు మాటలున్నాయి. కొరొక్కే పైన చల్లారినట్టు కనబడుతూ లోపల చాలాసేపు కాలుతూ ఉంటుంది. పిల్లవాడి వాటాను విరిచి, ఆవిరి పోయేదాకా ఉంచి, మధ్యలో మన వేలితో తాకి చూసి ఇవ్వాలి. పక్కన పెట్టే పచ్చి క్యాబేజీ తరుగు పసివాళ్లు నమలలేరు. ఉడికించి మెత్తగా కోసినది పెడితే చాలు. రంగు కోసం చిన్న టమాటాలు పెట్టే అలవాటు ఉంటే నాలుగు ముక్కలుగా కోయాలి. శిశు సంరక్షణ కేంద్రాల కోసం 2016లో వచ్చిన ప్రమాద నివారణ మార్గదర్శకాలు ద్రాక్షతో పాటు చిన్న టమాటాను కూడా భోజనంలో వాడకుండా ఉండదగిన వాటిలో చేర్చాయి. సాస్ సీసా బల్ల మీద పెద్దవాళ్ల వైపు ఉంటుంది. పెద్దపిల్లకు కంచం అంచున చిన్న బొట్టు పోసి, అద్దుకోమంటాను. పైన పోస్తే ఎంత తిన్నదో ఎవరికీ తెలియదు.

ఇంత శ్రమకు ఒక పూట భోజనం చాలదు కాబట్టి రెట్టింపు చేసి సగం దాచడం ధర్మం. వేయించినవి కాక, పూత వేసిన పచ్చివాటినే పళ్లెంలో ఎడంగా పరిచి గడ్డకట్టించి, తరువాత సంచిలోకి మార్చి, నెలలోపు వాడుకోవాలి. దుంప ముక్కలు గడ్డకడితే స్పంజులా తయారవుతాయి గానీ బాగా మెదిపిన ముద్దకు ఆ బాధ తక్కువ. నూనెలో వేసేటప్పుడు కరగనివ్వకూడదు. కరిగితే పూత తడిసి చీలుతుంది. 170 డిగ్రీల దగ్గర, ఒకేసారి రెండు మూడు మాత్రమే వేసి, నిదానంగా లోపలిదాకా వేడి చేరనివ్వాలి. సంచి మీద తేదీతో పాటు ఉప్పు ఉన్నవో లేనివో కూడా రాయాలి. ఆకారం చూసి గుర్తుపడతామన్న ధీమా, మన బదులు ఇంకొకరు పొయ్యి దగ్గర నిలబడిన పూట పనికిరాదు.